త్రీ నాట్ త్రీ చెక్కకు నూనె పట్టించిన వేసవి

మా నాన్న 1981లో కర్నూలు ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో) కానిస్టేబుల్‌గా చేరారు. చేతికిచ్చిన మొదటి తుపాకీ త్రీ నాట్ త్రీ. ఎస్ఎల్ఆర్‌లు (సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు) వచ్చేదాకా, పదిపన్నెండేళ్లపాటు, ఎలక్షన్ డ్యూటీ అయినా, ట్రెజరీ గార్డ్ అయినా, ఖైదీల ఎస్కార్ట్ అయినా ఆయన భుజాన ఉన్నది అదే. దాని బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) మీది నంబర్ ఆయనకు ఇప్పటికీ నోటికొచ్చు. చిన్నప్పుడు క్వార్టర్స్‌లో ఆయన డ్యూటీ దిగి వచ్చి పక్కన కూర్చుంటే ఒక వాసన వచ్చేది. ఖాకీ గంజి, చెమట, దానికి తోడు ఏదో నూనె. ఆ నూనె ఏమిటో నాకు నలభై ఏళ్లు వచ్చాక, టెక్సాస్‌లో మా గరాజ్‌లో తెలిసింది.

ఇక్కడ హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ ఊసు ఎత్తలేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే, వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. గ్రీన్‌కార్డ్ వచ్చిన రెండేళ్లకు, పాత మిలిటరీ రైఫిళ్లు అమ్మే ఒక షాపులో గోడకు ఆనించిన వరసలో ఒకటి కనబడింది. మడమ మీద ఇత్తడి ప్లేటు, మొద్దు ముక్కు, చెక్కంతా నల్లగా జిడ్డు. బోల్ట్ పిడి వెనక ఇనుము మీద కిరీటం గుర్తు, కింద జీఆర్ఐ అని జార్జి రాజు ముద్ర, దాని కింద ఇషాపూర్, 1943. బెంగాల్లో మన ఫ్యాక్టరీలో తయారైన త్రీ నాట్ త్రీ, మా నాన్న కంటే పెద్దది. తుపాకీ కొనేవాళ్లు నింపే ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాను.

ఏప్రిల్ చివర్లో అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తున్నారు. ఆ లోపు చెక్క అంతా మెరిసేలా చేసి నాన్న ముందు పెట్టాలన్నది నా ఆశ. ఆ తొందరలోనే తప్పు చేశాను.

విప్పే పని మాత్రం జాగ్రత్తగానే చేశాను. ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్‌లో ఏమీ లేదని కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూశాను. ఈ రైఫిల్‌లో అందరూ హెచ్చరించే విషయం ఒకటుంది. బట్‌ను పట్టి ఉంచే పొడుగాటి బోల్ట్ మడమ లోపల ఉంటుంది. దాని చివర చదరంగా ఉండి, ముందు చెక్కలో ఉన్న చిన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్కను ఊడదీయకుండా ఆ బోల్ట్ తిప్పితే, చదరం తిరిగి ముందు చెక్క వెనక భాగాన్ని చీల్చేస్తుంది. కాబట్టి మొదట ముక్కు దగ్గరి టోపీ, తర్వాత బ్యాండ్లు, ట్రిగ్గర్ గార్డ్, ఆ తర్వాత ముందు చెక్క. బట్ అన్నిటికంటే చివర. ముక్కు టోపీ తీసేటప్పుడు లోపల ఒక చిన్న స్ప్రింగు, స్టడ్ ఉంటాయి. స్ప్రింగు ఎగిరి వాషింగ్ మెషీన్ కిందికి పోయింది. టార్చిలైటు వేసుకుని అరగంట వెతికాను. వెనక హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్‌ను పైనుంచి కప్పే చెక్క) బ్యారెల్‌కు స్ప్రింగు క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. పక్కకు వంచకుండా నిటారుగా పైకి లాగాలి, లేకపోతే చెక్క చెవులు విరుగుతాయి. బట్ లోపల ఇత్తడి మూత తెరిచి చూస్తే ఒక తోలు ముక్క అడ్డుంది. దాన్ని తీస్తేగానీ స్క్రూడ్రైవర్ బోల్ట్‌కు అందదు. ఆ తోలు వెనక, నల్లబడిన చిన్న గుడ్డపీలిక ఒకటి దొరికింది. దాన్ని పారేయకుండా ఒక డబ్బాలో పెట్టాను.

ఆ రాత్రే ఉప్పు కాగితం పట్టాను. 120 నంబరుది, ముందు హ్యాండ్‌గార్డ్ మీద. పది నిమిషాల్లో నలుపంతా పోయి లేత రంగు చెక్క బయటపడింది. చాలా సంతోషమేసింది. బ్యారెల్ మీద పెట్టి చూస్తే అర్థమైంది. చుట్టూ ఉన్న ఇనుము కంటే కాస్త ఎత్తుగా ఉండాల్సిన చెక్క అంచు ఇనుము కంటే కిందికి దిగిపోయింది. మిగిలిన ముక్కలన్నీ ముదురు ఎరుపు, ఇది ఒక్కటే కొత్త బల్ల చెక్కలా ఉంది. అంచు పోతే పోయినట్టే, తిరిగి రాదు. పనంతా ఆపేశాను.

బ్యారెల్, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం), బోల్ట్‌కు గన్ ఆయిల్ పట్టించి, గుడ్డలో చుట్టి సేఫ్‌లో పెట్టి తాళం వేశాను. ఎందుకంటే విజిటర్ వీసా మీద ఉన్న నాన్న తుపాకీ పట్టుకోకూడదు. అమెరికా చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవర్. చెక్క అనేది చెక్క, అంతే. బల్ల కోడు లాంటిదే. దాన్ని పోస్టులో పంపినా ఎవరూ ఏమీ అడగరు.

ఈ సంగతి నాన్నకు ఎలా చెప్పాలా అని ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే దారంతా నాకు టెన్షన్. ముప్పైతొమ్మిదేళ్లు ఆయుధం మోసిన మనిషికి ముట్టుకోకూడదని చెప్పాలి. గరాజ్‌లోకి తీసుకెళ్లి చెప్పాను. ఆయన బల్ల మీదున్న చెక్క ముక్కలు చూస్తూ అడిగింది ఒకటే.

"సేఫ్ తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే, నాన్నా."

"అమ్మకు కూడా ఇవ్వొద్దు" అని, అప్పుడు బట్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

ఆయన దాన్ని పట్టుకున్న తీరు నాకు గుర్తుండిపోయింది. చూడటానికి ముందే బొటనవేలు బట్ పక్కనున్న నొక్కుల్లోకి వెళ్లింది. జిడ్డు కింద కంటికి కనబడని అంకెలు వేలికి తగిలాయి. "నంబర్ ఉందిరా ఇక్కడ. రెండు... ఒకటి... మూడోది ఏడో ఒకటో." ఒక కానిస్టేబుల్‌కు తుపాకీ అంటే ఆ బట్ నంబరేనట. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) దగ్గర రిజిస్టర్‌లో ఆ నంబర్‌కే సంతకం, తిరిగి అప్పజెప్పేదీ ఆ నంబర్‌కే. తర్వాత హ్యాండ్‌గార్డ్ చూశారు. ఏమీ అనలేదు. ఉప్పు కాగితాల ప్యాకెట్టు తీసి పై అరలో పెట్టారు. నేను డబ్బాలోంచి గుడ్డపీలిక తీసి చూపిస్తే "చిందీ" అన్నారు వెంటనే. పుల్ త్రూ తాడుకు కట్టి బ్యారెల్ లాగే గుడ్డ. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. ఎక్కడో ఎవరో కానిస్టేబులో జవానో పెట్టుకున్నది అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి పని ఆయన చెప్పినట్టే నడిచింది. ఆయన మాట ఒకటే. "మురికి తియ్యి, చెక్క తియ్యొద్దు."

ముందుగా చెక్క మీద ఉన్నది వార్నిషా, నూనా తెలుసుకోవాలి. బట్ ప్లేటు కింద కనబడని చోట స్పిరిట్‌లో తడిపిన దూది రుద్దాను. లక్క పూత అయితే జిగురుగా మెత్తబడుతుంది. ఇది మెత్తబడలేదు. పాత అవిసె నూనె, దాని మీద గ్రీజు, దాని మీద ఎనభై ఏళ్ల చేతుల మురికి. కాబట్టి రంగు ఊడదీసే మందులతో పనిలేదు. మినరల్ స్పిరిట్స్ అనే, పెయింటు పలచన చేసే ద్రావకంలో ముంచిన గుడ్డతో తుడిచాం. మొదటి నాలుగు గుడ్డలు కాఫీ డికాషన్‌లా నల్లగా వచ్చాయి. అప్పుడు చెక్క కొంచెం ఎరుపు తిరిగింది, అంకెలు కూడా తేలాయి. 217.

పైన తుడిస్తే పోయేది సగమే. గ్రీజు లోపలికి ఇంకి ఉంటుంది. దానికి వేడి కావాలి. జూన్‌లో ఇక్కడ బయట నలభై డిగ్రీలు దాటుతుంది, కర్నూలు ఎండే. చెక్కల్ని నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, అద్దాలు ఎత్తిన కారులో డాష్‌బోర్డ్ మీద రెండు మూడు గంటలు ఉంచాం. తీసి చూస్తే చెక్కకు చెమట పట్టినట్టు చుక్కలు చుక్కలుగా గ్రీజు పైకొచ్చింది. నాన్న టవల్‌తో తుడిచి మళ్ళీ పెట్టేవారు. అంతకంటే ఎక్కువసేపు ఉంచనివ్వలేదు, చెక్క బిగుసుకుని పగులుతుందని. అలా నాలుగు రోజులు. మిగిలిన మొండి మరకలకు సుద్ద పొడి. చూడటానికి అచ్చం ముగ్గుపిండే. ఎసిటోన్‌లో కలిపి పేస్టులా చేసి మరక మీద మెత్తితే, ఆరేటప్పుడు లోపలి నూనెను పీలుస్తుంది. తెల్లగా పూసింది సాయంత్రానికి బిస్కెట్ రంగులోకి వచ్చేది. బ్రష్‌తో దులిపి మళ్ళీ పూయడం. మూడోసారికి రంగు మారడం ఆగింది. ఇదంతా గరాజ్ బయట, డ్రైవ్‌వేలో చేశాం. మా గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. ఎసిటోన్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. చేతికి గ్లవ్స్, మూతికి మాస్క్ తప్పనిసరి.

ఆ తర్వాతిది నాకు బాగా నచ్చిన పని. సొట్టలు లేపడం.

బట్‌కు ఎడమవైపు గోరంత లోతున ఒక సొట్ట, చుట్టూ చిన్నవి పది దాకా ఉన్నాయి. చెక్క ఊడిపోయిన చోట ఏమీ చేయలేం గానీ, చెక్క నార నొక్కుకుపోయి మాత్రమే ఉంటే ఆవిరితో మళ్ళీ ఉబ్బుతుంది. ముందు రోజే చెక్కను బాగా ఆరనిచ్చాం, ఎసిటోన్ వాసన ఇంకా ఉంటే ఇస్త్రీ పెట్టె దగ్గరికి తేకూడదు. తెల్ల నూలు గుడ్డను తడిపి, పిండి, రెండు మడతలు పెట్టి సొట్ట మీద పరిచారు నాన్న. ఇస్త్రీ పెట్టె మొన తెచ్చి సరిగ్గా ఆ సొట్ట మీద ఆనించారు. చుయ్ మని శబ్దం, ఆవిరి. ఐదు సెకన్లు, ఎత్తేయడం. గుడ్డ తీసి వేలితో చూడటం. మళ్ళీ తడపడం. మూడోసారికి ఆ గుంట అడుగు పైకి వచ్చి, వేలికి తగలనంతగా చదునైంది. తడి చోటు ముదురు రంగులో గుండ్రంగా ఉండి, మా కళ్ల ముందే ఆరిపోయింది. ఏళ్ల తరబడి తెల్లవారుజామున గంజి పెట్టిన ఖాకీ చొక్కా చేతి మడత మొనలతో తేల్చిన చెయ్యి అది. ఇస్త్రీ పెట్టె ఎక్కడ ఎంతసేపు ఆగాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

217 దగ్గరికి మాత్రం ఆవిరి పోనివ్వలేదు. అక్కడ సొట్టలున్నా సరే అన్నారు. అంకెలు కూడా నొక్కులే కదా, ఆవిరికి అవి కూడా లేచిపోతాయి. ఈ మాట నాకు తట్టనే లేదు.

ముందు చెక్క వెనక చివర రెండంగుళాల పగులు ఒకటి కనబడింది. ఈ రైఫిళ్లలో పగిలేది ఎక్కువగా అక్కడే. ఇషాపూర్ వాళ్లకు చెక్క చీలికల సంగతి బాగా తెలుసు, అందుకే ముందు చెక్కలో అడ్డంగా ఒక స్క్రూ వేసి బిగించేవారు. మన దాంట్లోనూ అది ఉంది, దాన్ని కదపలేదు. పగులులో ఎసిటోన్ పోసి జిడ్డు కడిగి, పూర్తిగా ఆరాక నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురును హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి లోపలికి దించాం. బిగించడానికి క్లాంపులు తెస్తే నాన్న ఒప్పుకోలేదు, ఇనుప దవడ చెక్కను నొక్కుతుందని. సైకిల్ ట్యూబ్ కావాలన్నారు. కొత్త ట్యూబ్ కొనుక్కొచ్చి పొడుగ్గా చీల్చి, లాగి లాగి చుట్టారు. చుట్టూ ఒకే బిగువు. మర్నాడు విప్పితే గీతను వెతుక్కోవాల్సి వచ్చింది. బ్యారెల్, రిసీవర్ ఆనే లోపలి భాగాల్లో మాత్రం ఉప్పు కాగితం గానీ జిగురు గానీ తగలనివ్వకూడదు. రైఫిల్ తన్నే దెబ్బంతా తీసుకునేది ఆ చోట్లే. అక్కడ చెక్క కాస్త తగ్గినా గురి మారిపోతుంది.

ఇక నా హ్యాండ్‌గార్డ్. అంచు ఎలాగూ రాదు, రంగైనా కలపాలి. ఇంగ్లండులో పాత తుపాకీ పనివాళ్లు ఆల్కనెట్ అనే వేరును అవిసె నూనెలో నానబెట్టి ఎర్ర నూనె చేసేవారు. ఆ వేరుకు మన దగ్గర చుట్టం రతన్‌జోత్. అమ్మ జుట్టు నూనెలో వేసుకునేది అదే. ఇండియన్ స్టోర్‌లో చిన్న ప్యాకెట్ దొరికింది. గాజు సీసాలో నూనె పోసి, వేళ్లు విరిచి వేసి, వారం ఎండలో పెట్టాం. నూనె దానిమ్మ రసంలా తిరిగింది. తేలిగ్గా మూడు పూతలకు ఆ తెల్ల ముక్క మిగిలినవాటి పక్కన కూర్చుంది. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. నాకు రోజూ తెలుస్తుంది.

ఆ నూనె డబ్బా మూత మొదటిసారి తీసినప్పుడే ఆ వాసన. క్వార్టర్స్ వరండా, చెక్క కుర్చీ, నాన్న చొక్కా. నేను మాట్లాడలేకపోయాను. "లిన్సీడ్ ఆయిల్ రా, ఇన్‌స్పెక్షన్ ముందు రోజు అందరం ఇదే రుద్దేది" అన్నారు ఆయన. అమ్మ వచ్చి వాసన చూసి, మన అవిసె గింజల పొడి వాసనే కదా అంది. ఆ గింజల నూనే ఇది.

షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. 'బాయిల్డ్' అని రాసి ఉన్నదాంట్లో త్వరగా ఆరేందుకు లోహపు మందులు కలుపుతారు, అది ఒక రోజులో ఆరుతుంది. అప్పట్లో సైన్యంలో వాడింది పచ్చి నూనె. మాకు జూన్, జూలై చేతిలో ఉన్నాయి కాబట్టి పచ్చిదే వాడాం. మొదటి పూతలో సగం టర్పెంటైన్ కలిపాం, లోపలికి దిగడానికి. దానికి ముందు చెక్కను తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును అతి సన్నని స్టీల్ ఊల్‌తో, చెక్క చారల వాలుకు, చేతి బరువు మాత్రమే వేసి తీశాం. స్టీల్ ఊల్ తుంపులు చెక్కలో ఉండిపోతే తుప్పు చుక్కలవుతాయి, అందుకని అయస్కాంతం తిప్పాం. తర్వాత అరచేతిలో నాలుగు చుక్కల నూనె, చెక్క వేడెక్కేదాకా రుద్దడం, ఇరవై నిమిషాలాగి మిగిలిందంతా పొడి గుడ్డతో తుడిచేయడం. తుడవకపోతే పైన జిగురు కట్టి వేలిముద్రలు పడతాయి. బయటే కాదు, బ్యారెల్ కూర్చునే గాడికి కూడా నూనె పట్టించాం. తేమ లోపలికి పోయేది అక్కణ్నుంచే.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తడిసిన గుడ్డల్ని ముద్దచేసి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడికి బయటికి దారి ఉండదు, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. మేం నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టేవాళ్లం.

మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి. నాన్నకు ఉదయం కాఫీ తర్వాత అదే పని. డ్రైవ్‌వేలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పాత పంచె పరుచుకుని, బట్‌ను దాని మీద పెట్టుకుని రుద్దేవారు. రుద్దుతూ రుద్దుతూ చెప్పేవారు. ఏ ఎలక్షన్‌కు ఏ ఊరి స్కూల్లో పడుకున్నదీ, రాత్రంతా స్లింగ్‌ను (తుపాకీ పట్టీని) మణికట్టుకు చుట్టుకుని ఎందుకు పడుకునేవాళ్లో, వానలో తడిస్తే ముందు తుపాకీ తుడిచాకే తల తుడుచుకునేదీ. ఇవేవీ నేను ఇంతకుముందు వినలేదు. అడగనూ లేదు. చెక్క మీద మెరుపు రాలేదు, రానివ్వలేదు కూడా. లోపలి నుంచి వచ్చే ఒక మెత్తటి కాంతి వచ్చింది, ముదురు బెల్లం రంగులో. 217 స్పష్టంగా కనబడుతోంది.

సెప్టెంబర్‌లో వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లే ముందు రోజు సాయంత్రం కూడా ఆయన ఇనుము చూపించమని అడగలేదు.

బిగించే పని ఒక్కణ్నే చేశాను. విప్పినదానికి తలకిందులు. ముందు బట్, దాని బోల్ట్ చివరి చదరం సరిగ్గా నిలువుగా వచ్చేలా బిగించి ఆపడం, తోలు ముక్క వెనక్కి పెట్టడం, ఆ తర్వాతే ముందు చెక్క. చిందీని దాని చోట్లోనే ఉంచాను. కాల్చడానికి ముందు గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ తూటాకూ మధ్య ఉండే ఖాళీ) చూపించాలి, అది వచ్చే నెల పని.

అంతా అయ్యాక గోడకు ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. కర్నూల్లో అప్పుడు తెల్లవారుజాము. అయినా రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. ఫోటోను బాగా పెద్దది చేసి చూసినట్టున్నారు.

"బట్ దగ్గర స్లింగ్ తిరగేసి వేశావు. ఇత్తడి కొక్కెం చెక్క వైపుంది. నడిచినప్పుడల్లా నంబర్ మీద గీరుతుంది. బయటికి తిప్పు."

ఫోన్ పెట్టకుండానే విప్పి తిప్పి వేశాను. మళ్ళీ ఫోటో తీసి పంపాను.